చేపల మల్లెతోటలో మందు పంపు

నేనొక మందు పంపును. పొలాల్లో పురుగుమందు కొట్టడానికి మనిషి వీపున తగిలించుకుని తిరుగుతాడే, ఆ పంపును. పదహారు లీటర్లు పట్టే పసుపుపచ్చ ప్లాస్టిక్ కడుపు, ఎడమవైపు ఎత్తి దించే చేతికర్ర, కుడివైపు నల్లటి రబ్బరు గొట్టం, దాని చివర ఇత్తడి ముక్కు. ఇలా నా గురించి నేను చెప్పుకోవడానికి సిగ్గుపడని రోజులు చాలా ఉండేవి. అవి పోయాయి.

నన్ను ఎక్కడ తయారుచేశారో సరిగా తెలియదు. పేరు తెలియని ఊళ్ళో ఒక రేకుల షెడ్డు, కరిగిన ప్లాస్టిక్ వాసన, అచ్చు తెరుచుకున్నప్పుడు మీద పడ్డ వెలుతురు, అంతే గుర్తు. మా అందరి పొట్టల మీదా ఒక కాగితం అంటించారు. చేతులకు తొడుగులు, ముఖానికి గుడ్డ, కాళ్ళకు బూట్లు వేసుకుని నవ్వుతున్న రైతు బొమ్మ దాని మీద ఉంది. పదకొండేళ్ళ నా జీవితంలో అలాంటి రైతును ఒక్కసారి కూడా చూడలేదు. నన్ను మోసినవాళ్ళందరూ లుంగీ ఎగ్గట్టి, వట్టికాళ్ళతో, నోట్లో బీడీతో మోసినవాళ్ళే.

మొదట నన్ను కొన్నది మండపేట వైపు వరి రైతు. మూడేళ్ళు వాడుకుని, పెట్రోలుతో నడిచే పంపు రాగానే నన్ను గడ్డివాము పక్కన పడేశాడు. అక్కడ కోళ్ళు నా మీదెక్కి కూర్చునేవి. అక్కణ్ణించి నన్ను చేతిలోకి తీసుకుని, దుమ్ము దులిపి, కొత్త వాషరు వేసి మళ్ళీ మనిషిని చేసినవాడు పళ్ళాల్రావు. పంపును మనిషిని చేయడమేమిటని మీరు నవ్వవచ్చు. అతను నాతో మాట్లాడేవాడు మరి.

పళ్ళాల్రావుది కడియం. చుట్టూ ఎటు చూసినా నర్సరీలు, పూలతోటలు. మందు కొట్టడంలో అతనికి ఆ చుట్టుపక్కల మంచి పేరు. గాలి ఎటు వీస్తోందో వేలు తడిపి పైకెత్తి చూసేవాడు. పురుగు ఆకు మీదుందో కింద ఉందో, మొగ్గ తొలిచి లోపలికి దూరిందో దూరం నుంచే చెప్పేవాడు. "నా పంపు ముక్కు తిరిగిన చోట పురుగన్నది ఉండదండి, ఆయ్" అనేవాడు. ఆ మాట వింటుంటే నాకూ గర్వంగానే ఉండేది. మనుషులు విషాన్ని మందు అంటారు. ఆ పేరు విని నేను కూడా వైద్యం చేస్తున్నాననే అనుకున్నాను.

మంగతాయారుగారు కబురు పెట్టిన రోజు అతను నన్ను వీపున వేసుకునే వెళ్ళాడు. ఆవిడ రాజమండ్రిలో డిగ్రీ కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పి రిటైరయ్యారు. కడియం పొలిమేరలో అర ఎకరం స్థలంలో నీడవల కట్టించి, ఊళ్ళో ఎవరూ చేయని పనొకటి మొదలుపెట్టారు. తోట చూసుకోవడానికి చేయి తిరిగిన మనిషి కావాలన్నారు. అంతకంటే చేయి తిరిగినవాడు ఎవరున్నారని పళ్ళాల్రావు ఉద్దేశం.

ఆవిడ గేటు దగ్గరే ఆపేశారు.

"అదేమిటి వీపున?"

"మందు పంపండి మేడంగారూ. ఇరవయ్యేళ్ళ సర్వీసండి నాది."

"దాన్ని అక్కడే విప్పి రా. ఇది మాత్రం ఎప్పటికీ గేటు దాటకూడదు. ఎందుకో లోపలికొస్తే చూపిస్తాను."

నన్ను గేటు స్తంభానికి ఆనించి అతను లోపలికి వెళ్ళాడు. జాలీలోంచి నాకు అంతా కనిపిస్తూనే ఉంది. నేల మీద మూడు పెద్ద నల్లటి తొట్లు, వాటి నిండా తిలాపియా చేపలు. నడుమెత్తున బల్లల మీద మడులు, మడుల నిండా గులకరాళ్ళు. మట్టి అన్నది లేదు. ఆ రాళ్ళలో గుండుమల్లె, విరజాజి, కనకాంబరం, అంచున నందివర్ధనం బతుకుతున్నాయి. మోటారు తొట్టిలోని నీళ్ళను పైకి తోడి మడుల్లోకి పోస్తోంది. మడి నిండగానే నీళ్ళు గుడగుడమంటూ ఒక్కసారిగా జారి మళ్ళీ తొట్టిలో పడుతున్నాయి.

"ఎరువేదండీ?" అన్నాడు పళ్ళాల్రావు.

"చేపలు వేసేదే ఎరువు. ఆ రాళ్ళకు కంటికి కనబడని క్రిములు పట్టి ఉంటాయి. చేపల మలినాన్ని అవి మొక్క తినేలా మారుస్తాయి. మొక్క తన తిండి తాను తీసుకుని, నీళ్ళు శుభ్రం చేసి చేపకు పంపిస్తుంది. ఇప్పుడు చెప్పు, ఈ మల్లె మీద నువ్వు మందు కొట్టావనుకో. చుక్క ఎక్కడ పడుతుంది?"

"రాళ్ళల్లోనండి."

"రాళ్ళల్లోంచి?"

అతను తొట్టివైపు చూశాడు. చేపలు మేత కోసం నోళ్ళు పైకెత్తుతున్నాయి. "అమ్మో" అన్నాడు.

ఊళ్ళో నవ్వారు. చేపలపులుసు వాసనొచ్చే మల్లెపూలంటూ టీకొట్టు దగ్గర కూర్చుని రోజుకొక జోకు వేశారు. మొదటి ఏడు మల్లె కూడా సతాయించింది. కొత్త ఆకులు పసుపురంగుకు తిరిగి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా మిగిలాయి. చేపల ఎరువులో ఇనుము చాలదని ఆవిడే కనిపెట్టి, నీళ్ళలో కరిగే ఇనుము పొడి చిటికెడు చిటికెడు వేశారు. ఎండ చాలదని వలను రెండు బారలు వెనక్కి లాగించారు. వానాకాలం పోగానే కొమ్మలు మోడులా కత్తిరించమంటే పళ్ళాల్రావుకు చేతులు రాలేదట. వేసవి మొదట్లో ఆ మోడులే మొగ్గ వేశాయి. ఆ సంగతి అతను ఇంటి అరుగు మీద భార్యకు చెబుతుంటే విన్నాను. నేనప్పుడు అరుగు చివర కొక్కేనికి వేలాడుతున్నాను. ఆదివారాలు మాత్రం పాత అలవాటు కొద్దీ, అడిగినవాళ్ళ పొలాలకు నన్ను తీసుకెళ్ళేవాడు.

ఆ తోటలో పూలు కోసే మనిషి నూకరత్నం. పదేళ్ళ వయసు నుంచి మల్లెతోటల్లో మొగ్గలు కోస్తున్న మనిషి. మల్లెమొగ్గ విచ్చుకోకముందే, తెల్లవారీ తెల్లవారకుండా కోయాలి. ముందురోజు కొట్టిన మందు అప్పటికింకా మంచుతో కలిసి మొగ్గల మీద తడిగానే ఉంటుంది. ఆ తడికి ఆమె వేళ్ళ చివర్లు ఎప్పుడూ పగిలి, చర్మం ఊడి ఎర్రగా ఉండేవట. ఆ వేళ్ళతో అన్నం కలుపుకుంటే కారానికి మంట. అందుకని ఏళ్ళ తరబడి చెంచాతోనే తినేది. మంగతాయారుగారి తోటకొచ్చిన రెండో నెలలో ఒకరోజు ఆమె చద్దన్నంలో ఆవకాయ వేసి, చేత్తో ముద్ద కలిపి, ఆ చేతిని ఎత్తి పళ్ళాల్రావుకు చూపించింది.

"చూసేవా అన్నయ్యా! మంట లేదు!"

ఈ మాట కూడా అరుగు మీదే విన్నాను. అతను భార్యకు చెబుతూ తన చేతిని కూడా అలాగే ఎత్తాడు. ఆ రోజు మొదటిసారి నాకు నా కడుపులోని వాసన నచ్చలేదు. ఆ వేళ్ళను పగలగొట్టిన తడి నాలాంటి పంపులు కొట్టినదే. వాటిలో నేనూ ఉన్నాను.

ఇక నా తప్పుకు వస్తాను.

ఆ ఏడు ఎండలు ముదిరి మల్లె ఆకుల అడుగున ఎర్రనల్లి పట్టింది. సోమవారం వ్యవసాయ కాలేజీ పిల్లలు తోట చూడ్డానికి వస్తున్నారు. మంగతాయారుగారు శుక్రవారం పొద్దున్నే చెప్పారు. "మందేమీ వద్దు. ఉత్త నీళ్ళు ఆకుల అడుగున గట్టిగా కొట్టు. నల్లి కొట్టుకుపోతుంది. ఇవాళ రాజమండ్రిలో పనుంది, సాయంత్రానికి వస్తాను." నీళ్ళు కొట్టడానికని ఆవిడ తెల్లటి పంపొకటి కొత్తగా కొని, ఆ తోటకే కేటాయించి పెట్టారు. ఇంకా నెల కాలేదు.

పళ్ళాల్రావు దాన్ని నిచ్చెన మెట్టు మీద పెట్టి వల సర్దుతుంటే జారి కింద పడింది. చేతికర్ర మొదలంటా విరిగిపోయింది.

ఆవిడకు ఫోను చేసి చెబితే "సరే, ఇంకోటి తెచ్చుకో" అనేవారు. అంతకంటే ఒక్కమాట అనే మనిషి కాదావిడ. కానీ ఇరవయ్యేళ్ళు పంపులు మోసినవాడి చేతిలో నెల తిరక్కుండా పంపు విరిగిందని చెప్పుకోవడానికి అతనికి మొహం చెల్లలేదు. ఇంటికొచ్చి నన్ను కొక్కెం మీంచి దించాడు. కాలవ దగ్గర సబ్బుపొడి వేసి మూడుసార్లు కడిగాడు. మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. "వాసన లేదులే" అని నాతోనే అన్నాడు. గోనెసంచిలో చుట్టి, సైకిలు వెనక కట్టి, గేటు దాటించాడు.

కడుపు కడిగాడు. గొట్టంలోంచి నీళ్ళు కొట్టి వదల్లేదు. ముక్కు వెనకుండే చిన్న జల్లెడ విప్పలేదు. మంగళవారం ఎవరో బతిమాలితే వంగతోటలో కొట్టిన మందు గొట్టం నిండా అలాగే ఉంది. మామూలుగా అయితే అతను మరిచేవాడు కాదు. భయపడుతూ చేసే పనిలో చేయి తిరిగిన మనిషి కూడా కొత్తవాడైపోతాడు. నాకు మాత్రం తెలుసు. నా గొట్టంలో ఏముందో నాకు కాక ఇంకెవరికి తెలుస్తుంది? అతను చేతికర్ర నొక్కాడు, నేను కొట్టాను. మొదటి నాలుగు మడుల మల్లెల మీద పడింది నీళ్ళు కాదు.

పని అవగానే మోటారు గదిలో గోనెల కింద నన్ను దాచాడు. విరిగిన తెల్లపంపును ఏదోలా అతికించి యథాస్థానంలో నిలబెట్టాడు. చీకటి పడేవేళ వచ్చిన ఆవిడ తడిసిన ఆకులు చూసి "బాగా కొట్టావు" అన్నారు.

శనివారం తెల్లవారుజామున నూకరత్నం కేక పెట్టింది. తొట్లలో చేపలు పక్కకు ఒరిగి గిరగిరా తిరుగుతున్నాయి. కొన్ని నీటిలోంచి ఎగిరి గట్టు మీద పడుతున్నాయి. ఎనిమిదింటికి మూడు తొట్లలోనూ తెల్లటి పొట్టలే తేలాయి. మంగతాయారుగారు చిన్న గాజుగొట్టాల్లో నీళ్ళు పట్టి, నీటి పరీక్షకు వాడే చుక్కలమందు వేసి, రంగు చూసి, మళ్ళీ పట్టి, మళ్ళీ చూశారు. మోటారు గది తలుపు సందులోంచి నాకు ఆవిడ చేతులే కనిపించాయి.

"నీళ్ళలో తేడా ఏమీ కనిపించడం లేదు పళ్ళాల్రావ్. గాలి అందుతోంది. మోటారు ఆగలేదు. నిన్న ఎవరైనా ఏమైనా కలిపారా? సబ్బుగానీ, ఫినాయిలుగానీ?"

ఆ క్షణంలో అతను చెప్పేస్తాడనుకున్నాను. నోరు తెరిచాడు కూడా.

"నాకేం తెలవదండి..." అని, నేల చూస్తూ, "నిన్న నూకరత్నం కేరేజీ కడిగినట్టుందండి. సబ్బుతో" అన్నాడు.

అది అబద్ధం కాదు. నూకరత్నం కేరేజీ కడిగిన మాట నిజమే. ఒక నిజాన్ని తీసుకొచ్చి ఇంకో నిజం మీద మూతలా పెట్టవచ్చని నాకు ఆ రోజే తెలిసింది. మందు కొట్టడమే పాపమనుకునేదాన్ని. ఇది అంతకంటే నిశ్శబ్దంగా పడే మందు.

ఆవిడ మామూలు రోజుల్లో ప్రతి సంగతీ నాలుగుసార్లు పరీక్షించి గానీ నమ్మేవారు కాదు. ఆ రోజు ఆ మాటను ఒక్కసారి కూడా పరీక్షించలేదు. దుఃఖంలో ఉన్నారు.

"నూకరత్నం! తొట్ల దగ్గర సబ్బు ముట్టుకోవద్దని మొదటిరోజే చెప్పాను కదా. కేరేజీ కడిగావట?"

"కడిగేనండి మేడంగారూ, అయితే అది..."

"చాలు. రేపట్నుంచి రావద్దు."

నూకరత్నం ఏడవలేదు, వాదించలేదు. పలుగు తీసుకుని గోడ అవతల గుంట తవ్వింది. కాకులు ముసురుతుంటే తోలుకుంటూ, చేపల్ని బుట్టల్లో మోసి పూడ్చింది. మధ్యాహ్నం దాకా ఆ పని చేసి, కేరేజీ చేతిలో పట్టుకుని వెళ్ళిపోయింది. రెండో బుట్ట మోయడానికి పళ్ళాల్రావు సాయం పట్టబోతే "నువ్వు తొట్లు కడుగన్నయ్యా, ఇది నేను చూస్తాలే" అంది.

ఆ సాయంత్రమే అతను నన్ను గోనెలో చుట్టి ఇంటికి చేర్చాడు. గొట్టం విప్పాడు, జల్లెడ విప్పాడు, ముక్కు విప్పాడు. అన్నీ కడిగాడు. కడుగుతున్నంతసేపూ నాతో ఒక్కమాట మాట్లాడలేదు. ఆ తరవాత కూడా మాట్లాడలేదు.

తోటలో నీళ్ళు మార్చారు. మడుల రాళ్ళు పదేపదే కడిగారు. ముందు పది చేపల్ని వదిలి, అవి పది రోజులు బతికాక మిగతావాటిని తెచ్చారు. మల్లె మాత్రం ఏమీ ఎరగనట్టు మొగ్గ వేస్తూనే ఉందట. నూకరత్నం స్థానంలో ఎవరినీ పెట్టుకోలేదు. ఆవిడే కోసేవారు, పళ్ళాల్రావు కోసేవాడు. "నీకు కోత రాదు, తొడిమ తుంచేస్తున్నావు" అని ఆవిడ విసుక్కునేవారని అతను అరుగు మీద చెప్పాడు. భార్య నవ్వింది. అతను నవ్వలేదు.

నెలన్నర తరవాత ఒక ఆదివారం, కాలవ అవతలి మల్లెతోట రైతు వీర్రాఘవులు పట్టుబట్టి పిలిచాడు. మొగ్గపురుగు ముంచేస్తోందన్నాడు. పళ్ళాల్రావు ఇష్టం లేకుండానే నన్ను వీపున వేసుకున్నాడు. మేం వెళ్ళేసరికి కోత పూర్తయింది. కోతవాళ్ళు పదిమంది గట్టు మీద కూర్చుని చద్దికేరేజీలు విప్పుతున్నారు. వాళ్ళలో నూకరత్నం ఉంది.

వేళ్ళకు గుడ్డపీలికలు చుట్టుకుని ఉంది. కుడిచేతి చూపుడువేలి పీలిక మీద చిన్న ఎర్రటి మరక. కేరేజీ మూత తీసి, కొంగు ముడిలోంచి చెంచా తీసింది. చెంచాతో అన్నం కలుపుతూ తలెత్తి అతన్ని చూసింది.

"ఏం అన్నయ్యా, ఇటొచ్చేవు? మేడంగారు బాగున్నారా?"

"బాగానే ఉన్నారు."

"కొత్తచేపలు వేసేరా? బతుకుతున్నాయా?"

"బతుకుతున్నాయి."

"పోనీలే. పాపం, ఆవిడ ఆవేళ ఎంత ఏడిచేరో. నేనా కేరేజీ బయట కాలవలో కడిగేననుకో. అయినా ఏమో, చేతికి అంటుకున్న సబ్బుతో మొగ్గలు ముట్టుకున్నానేమోనని ఇప్పటికీ అనిపిస్తా ఉంటది. అంత చిన్న దానికి అన్ని ప్రాణాలు పోతాయా అన్నయ్యా? నీకు తెలుసుగదా ఈ మందులూ అవీ."

నేను అతని వీపుకు ఆనుకునే ఉన్నాను. చొక్కా ఒక్కసారిగా చెమటతో తడిసింది. ఆ తడి నా ప్లాస్టిక్కుకు తగిలింది. ఆమె అతన్ని అనుమానించలేదు. తననే అనుమానించుకుంటోంది. నెలన్నరగా అదే చేస్తోంది.

అతను వెనక్కి తిరిగి నడిచాడు. "ఏవయ్యోయ్! మందు కలపకుండానే పోతన్నావేంటి?" అని వీర్రాఘవులు వెనక నుంచి అరుస్తున్నాడు. పళ్ళాల్రావు గట్టు దిగి, కాలవ వంతెన దాటి, సైకిలెక్కడం కూడా మరిచి దాన్ని నడిపించుకుంటూనే మంగతాయారుగారి గేటు దాకా వచ్చాడు. అక్కడ ఆగాడు. నన్ను విప్పలేదు.

ఆవిడ మల్లెకొమ్మలకు తాడు కడుతున్నారు. "ఆ పంపు అక్కడ విప్పి..." అంటూ దగ్గరికొచ్చి, అతని మొహం చూసి ఆగిపోయారు.

"ఆ శుక్రవారం ఇది గేటు దాటిందండి" అన్నాడు పళ్ళాల్రావు. "కొత్తది విరిగిపోయిందండి. చెప్పడానికి సిగ్గేసి దీన్ని తెచ్చేను. గొట్టంలో వంగతోట మందుంది. నేను చూసుకోలేదు. చేపల్ని నేనే చంపేనండి."

ఆవిడ తొట్టి గట్టు మీద కూలబడినట్టు కూర్చున్నారు. మడుల్లో నీళ్ళు రెండుసార్లు నిండి జారాయి.

"తిట్టండి మేడంగారూ."

"నిన్నేం తిట్టను? నువ్వు భయపడ్డావు. నేను ముప్ఫయ్యేళ్ళు పిల్లలకు చెప్పాను, రుజువు లేకుండా దేన్నీ ఒప్పుకోవద్దని. ఆ పిల్ల నోరు తెరిస్తే చాలు అన్నాను. ఆ మనిషి చేత నా చచ్చిన చేపలు మోయించాను." ఆవిడ కళ్ళజోడు తీసి కొంగుతో తుడిచారు. "రేపు పొద్దున వెళదాం. ఇద్దరం."

మర్నాడు వెలుగు రాకముందే వీర్రాఘవులు తోటకు వెళ్ళాం. ఆవిడ స్కూటరు మీద, వెనక సైకిలు మీద పళ్ళాల్రావు, అతని వీపున సాక్ష్యానికి నేను. కోతవాళ్ళందరూ మొగ్గలబుట్టలతో నిలబడి చూస్తున్నారు. మంగతాయారుగారు వాళ్ళందరి మధ్యే అన్నారు, "నూకరత్నం, చేపలు నీ వల్ల చావలేదు. నిన్ను అనడం నా తప్పు. క్షమించు."

"అయ్యో, అంత మాటెందుకండీ" అంటూ నూకరత్నం కంగారుపడింది. పళ్ళాల్రావు నన్ను చూపించి గొట్టం సంగతి చెప్పాడు. ఆమె నా వంక చూసింది. తరవాత తన వేళ్ళ వంక చూసుకుంది. "ఇదా" అంది, అంతే. కాసేపయ్యాక నెమ్మదిగా అడిగింది.

"మరి నా కేరేజీ సంగతి మీకెవరు చెప్పేరండీ మేడంగారూ?"

మంగతాయారుగారు పళ్ళాల్రావు వైపు చూశారు. చెప్పడానికి అతనికి అవకాశమిచ్చినట్టు కొంచెం ఆగారు. అతను నా భుజం పట్టీ కొక్కెం సరిచేసుకుంటున్నాడు. అది బాగానే ఉంది.

"ఎవరూ చెప్పలేదు. నేనే చూశాననుకున్నాను" అన్నారావిడ.

నూకరత్నం తలూపింది. "వస్తానండి. ఈ తోటలో ఇంకో వారం మొగ్గుంది. మధ్యలో వొదిలేస్తే రాఘవులుగారికి ఇబ్బంది. అదయ్యేక వస్తాను." వెళ్ళబోతూ పళ్ళాల్రావుతో, "చెప్పేవు. అంతే చాలన్నయ్యా. ఎంతమంది చెప్తారు?" అంది.

దారిలో మంగతాయారుగారు స్కూటరు నెమ్మది చేయలేదు, అతని కోసం ఆగలేదు.

నూకరత్నం మాట ప్రకారం వారం దాటాక వచ్చింది. మంగతాయారుగారు నన్ను బయట పారేయనివ్వలేదు. ఎవరైనా ఎత్తుకెళ్ళి మళ్ళీ వాడతారన్నారు. నా కడుపుకు అడుగున కాల్చిన ఊచతో కన్నం పెట్టించి, గేటు లోపలి గోడకు మేకు కొట్టించి తగిలించారు. దాటకూడదన్న గేటు లోపలే నాకు చోటు దొరికింది. తోట చూడ్డానికొచ్చే పిల్లలకు మడులూ తొట్లూ చూపించాక, "దీని సంగతి పళ్ళాల్రావు చెబుతాడు" అని ఆవిడ పక్కకు తప్పుకునేవారు.

అతను బాగా చెప్పేవాడు. నన్ను మేకు మీంచి దించి, గొట్టం విప్పి, జల్లెడ చూపించి, ఇంత చిన్న చోట మిగిలిన చుక్క ఎన్ని చేపల్ని చంపుతుందో చెబితే పిల్లలు నోరు తెరుచుకుని వినేవారు. "ఇక్కడ పని చేసే ఒకడు తెచ్చేడండి దీన్ని. తరవాత తప్పు ఒప్పుకున్నాడు" అనేవాడు. ఒకడు. విన్న ప్రతిసారీ నా కన్నంలోంచి గాలి పోయినట్టుండేది. తోట అవతలి చివర నూకరత్నం మొగ్గలు కోసుకుంటూ ఉండేది. వేళ్ళకు పీలికలు లేవు. మధ్యలో అవసరమైతే "అన్నయ్యా, ఆ బుట్ట ఇటియ్యి" అని పిలిచేది. అతను పరుగెత్తుకెళ్ళి ఇచ్చేవాడు. అవసరమైనదానికంటే ఎక్కువగా పరుగెత్తేవాడు. ఆమె ఇంటికి కూరలు పంపేవాడు. వద్దంటే మొహం చిన్నబుచ్చుకునేవాడు. అలా ఆరునెలలు గడిచాయి.

ఒకరోజు వచ్చిన పిల్లల్లో ఒక అమ్మాయి, అంతా విన్నాక చేయెత్తింది. "అంకుల్, అతను చెప్పేవరకు ఎవరిమీదా అనుమానం రాలేదా?"

"వొచ్చిందమ్మా. ఇక్కడ పూలు కోసే ఆవిడ మీద."

"ఆవిడ మీదే ఎందుకొచ్చింది?"

ఆ అమ్మాయి మామూలుగానే అడిగింది. నోటుపుస్తకంలో రాసుకోవడానికి పెన్ను పట్టుకుని నిలబడింది. ఆ రోజు నూకరత్నం పక్క మడిలోనే కోస్తోంది.

"ఎందుకంటే నేనే చెప్పేనమ్మా" అన్నాడతను. తరవాత ఆగలేదు. "ఒకడు ఒకడు అని చెప్తన్నానుగదా, అది నేనే. ఈ పంపు నాదే. తెచ్చింది నేనే. అది బయటపడకుండా, ఆవిడ కేరేజీ కడిగిందని మేడంగారికి చెప్పింది కూడా నేనే. ఆవిడ ఎక్కడ కడిగిందో నాకు తెలుసు. తెలిసే చెప్పేను. ఎవరు చెప్పేరని ఆవిడ అడిగితే మేడంగారు తన మీద వేసుకున్నారు, నేను పక్కనే ఉండి ఊరుకున్నాను. ఆ తరవాత ఆవిడ నన్ను అన్నయ్యా అని పిలుస్తానే ఉంది. నేను పలుకుతానే ఉన్నాను."

పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మంగతాయారుగారు తొట్టి దగ్గర మేత డబ్బా పట్టుకుని అలాగే నిలబడిపోయారు. నూకరత్నం తలెత్తలేదు. ఆ మొక్కకున్న మొగ్గలన్నీ కోసేదాకా కోసింది. బుట్టను తడిగుడ్డతో కప్పి, తూకం దగ్గర పెట్టి, చేతులు కడుక్కుని, ఎవరితోనూ చెప్పకుండా ఇంటికి వెళ్ళిపోయింది.

మర్నాడు రాదనుకున్నాను. పళ్ళాల్రావు కూడా అలాగే అనుకున్నట్టున్నాడు, చీకటితోనే వచ్చి ఆమె బుట్ట తీసుకుని తానే కోత మొదలుపెట్టాడు. వేళకు గేటు చప్పుడైంది. నూకరత్నం లోపలికొచ్చి, చెప్పులు విడిచి, అతని దగ్గరికి వచ్చి చేయి చాపింది.

"ఆ బుట్ట ఇటివ్వండి, పళ్ళాల్రావుగారూ."

అతను బుట్ట ఇచ్చాడు. తలదించుకుని పక్కకు తప్పుకున్నాడు. గోడ మీద నేను, గోడ కింద అతను. ఇన్నేళ్ళలో మేమిద్దరం అంత దగ్గరగా ఎప్పుడూ లేము.

ఏడాది దాటింది. ఆమె రోజూ వస్తుంది, పని మానలేదు. అతనితో మాట్లాడటమూ మానలేదు. నిచ్చెన జరపండి అంటుంది, మోటారు చప్పుడు మారిందేమో చూడండి అంటుంది. అన్నిటి చివరా ఆ 'గారు' ఉంటుంది. అతను ఒక్కసారి కూడా దాన్ని తీసేయమని అడగలేదు. అడిగే హక్కు లేదని అతనికి తెలుసు.

పిల్లలు మాత్రం వస్తూనే ఉన్నారు. పోయిన గురువారం కూడా ఒక బస్సు వచ్చింది. పళ్ళాల్రావు నన్ను మేకు మీంచి దించి, దుమ్ము తుడిచి, రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు. "నా పేరు పళ్ళాల్రావండి. ఈ పంపు నాదండి" అని గొంతు పెంచి, నాలుగో మడి దాకా వినబడేలా మొదలుపెట్టాడు. ఆ మడి దగ్గర నూకరత్నం కోస్తోంది. ఆమె విన్నదో లేదో నాకు తెలియలేదు. చేతులు మాత్రం ఆగలేదు. మొగ్గలు ఒక్కొక్కటే బుట్టలో పడుతున్నాయి.